ఏంజెల్ చేపపిల్లను ఎంచుకునేటప్పుడు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ అక్వేరియంలోకి ఏంజెల్ చేపలను కొనాలనుకుంటున్నారని తెలిసి సంతోషించాను. దుకాణంలో నాణెమంత ఉన్నప్పుడు అమ్మే ఈ పిల్లలు చక్కగా పెరిగితే దాదాపు 15 సెంటీమీటర్ల పొడవుకు, పై రెక్క, కింది రెక్కలతో కలిపి అంతకంటే ఎక్కువ ఎత్తుకు ఎదిగి, పదేళ్ల వరకూ బతకగలవు. కనుక రంగు నచ్చగానే వేలితో చూపించి సంచిలో వేయించుకోవడం మంచిది కాదు. ఏ చేపలోనైనా లోపం కనిపిస్తే, అది మన సంరక్షణలో మానేదా లేక బతికినంత కాలం ఉండిపోయేదా అని ముందు తేల్చుకోవాలి. రంగు సంగతి ఆ తర్వాతే.

మొదట కన్ను చూడండి. తొలి వారాల్లో ఇరుకు తొట్టెలో, మార్చని నీటిలో, అరకొర తిండితో పెరిగిన పిల్లకు ఒళ్లు ఎదగకపోయినా కన్ను మాత్రం ఎదుగుతూనే ఉంటుంది. అందువల్ల ఒంటికి మించిన పెద్ద కన్ను ఉన్న చేప వయసుకు తగినట్టు పెరగలేదని అనుమానించాలి. అలాంటి చేపకు తర్వాత ఎంత మంచి తిండి పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు. అయితే మరీ చిన్న పిల్లలన్నిటికీ కన్ను పెద్దగానే కనిపిస్తుంది కాబట్టి, అదే తొట్టెలో అంతే పరిమాణంలో ఉన్న మిగతా పిల్లలతో పోల్చి చూడాలి. అన్నిటికంటే చిన్నదాన్ని జాలిపడి తెచ్చుకునే అలవాటు మీలో కొందరికి ఉందని నాకు తెలుసు. ఈసారి ఆ జాలిని పక్కన పెట్టండి.

తర్వాత మొప్పల మూతలు. అవి రెండు వైపులా మొప్పలను పూర్తిగా కప్పాలి. అంచు పొట్టిగా ఉన్నా, బయటికి చుట్టుకుపోయినా ఆ లోపం సాధారణంగా సరికాదు. కానీ కొన్ని రంగు రకాల పిల్లల్లో మూత పారదర్శకంగా ఉండి లోపలి మొప్పలు ఎర్రగా కనబడతాయి. అది ఆ రకం లక్షణమే తప్ప రోగం కాదు. పొట్ట కింద సన్నగా, పొడవుగా వేలాడే రెండు రెక్కలు వంకరలు లేకుండా సాగి ఉండాలి. వెన్నెముక వంగినా, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చినా ఆ చేపను వదిలేయండి. పొడవాటి రెక్కల రకాల్లో రెక్కలు కొంత వాలి ఉండటం సహజమే. చిరిగిన రెక్క సంగతి వేరు: నీరు శుభ్రంగా ఉంటే అది మళ్లీ పెరుగుతుంది, దాని కోసం మంచి చేపను కాదనకండి.

రోగ లక్షణాలను ఒక్క చేపలో కాక తొట్టె మొత్తంలో వెతకాలి. రెక్కలు ముడుచుకుని మూలన నిలబడటం, ఆయాసపడుతూ నీటిపైకి వచ్చి గాలి కోసం నోరు తెరవడం, ఒంటిపై తెల్లని చుక్కలు లేదా బంగారు రంగు సన్నని పూత కనిపించడం, లోపలికి పోయిన పొట్ట, తెల్లగా జిగురుగా సాగే మలం వీటిలో ఏది ఒక్క చేపలో కనబడినా, పక్కనున్నవి ఎంత చురుకుగా ఉన్నా ఆ తొట్టెలోనుంచి ఏమీ కొనవద్దు. అదే రోజు దుకాణానికి వచ్చిన సరుకునూ కొనకండి. ప్రయాణపు బడలికలో ఉన్న చేపల చారలు, రంగు వెలిసిపోతాయి గనుక వాటిని చూసి మంచిచెడ్డలు నిర్ణయించలేము. కొద్ది రోజులాగి వెళ్లి, మీ ఎదుటే మేత వేయమని దుకాణదారును మర్యాదగా అడగండి. ఆరోగ్యంగా ఉన్న ఏంజెల్ పిల్ల మనిషిని చూడగానే అద్దం దగ్గరికి వచ్చి, వేసిన మేతను వెంటనే అందుకుంటుంది. మేతను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తూ ఉంటే అనుమానించాల్సిందే.

ఈ వయసులో ఆడ, మగ తేడా ఎవరూ చెప్పలేరు. జంట అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. తొట్టె పెద్దదైతే ఐదారు పిల్లలను కలిపి పెంచితే, అవి పెద్దయ్యాక వాటంతట అవే జతకడతాయి. ఇంటికి తెచ్చాక సంచిలోని నీటిని మీ తొట్టెలో పోయకుండా, చేపలను మాత్రమే వేరే చిన్న తొట్టెలోకి తీసుకుని, నీటిని 26 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి, మూడు నాలుగు వారాలు గమనించిన తర్వాతే పాత చేపలతో కలపండి.

ఆశీర్వదిస్తూ,
మీ తాతయ్య