పెర్ల్ 6 పేరు ఎందుకు మారింది: ఒక భాషావేత్త కట్టిన కంప్యూటర్ భాష కథ

2019 అక్టోబరులో పెర్ల్ 6 అనే ప్రోగ్రామింగ్ భాషకు ‘రాకు’ అని పేరు మార్చారు. బయటివారికి అదొక చిన్న వార్త. లోపలివారికి మాత్రం పందొమ్మిదేళ్ల పంచాయితీ తెగిన రోజు. ఈ తగవు మొదలెక్కడా అని తవ్వుకుంటూ పోతే, చివరికి తేలేది సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాదు, భాషాశాస్త్రం తరగతి గదిలో.

పెర్ల్ సృష్టికర్త లారీ వాల్ 1954లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. సియాటిల్ పసిఫిక్ యూనివర్సిటీలో రసాయనశాస్త్రం, సంగీతంతో చదువు మొదలుపెట్టారు. మధ్యలో వైద్యం వైపు మళ్లారు. కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో కొంతకాలం పనిచేశారు. చివరికి ‘సహజ, కృత్రిమ భాషలు’ అని తనకు తానే కూర్చుకున్న కోర్సులో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత భార్య గ్లోరియాతో కలిసి బర్క్‌లీలో భాషాశాస్త్రం చదివారు. లిపి లేని భాష ఒకటి వెతికి, దానికి లిపి కూర్చి, బైబిల్‌ను అందులోకి అనువదించాలన్నది ఆ దంపతుల సంకల్పం. ఆరోగ్యం సహకరించక అది సాగలేదు. వాల్ నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఉద్యోగానికి చేరారు.

తర్వాత మరో సంస్థలో పనిచేస్తుండగా, అమెరికా రెండు తీరాల్లోని యంత్రాల మధ్య చెల్లాచెదురుగా ఉన్న సమాచారం నుంచి నివేదికలు తీయాల్సి వచ్చింది. ఫైళ్లలోని వరుసల్లో వెతికి సమాచారం తీయడానికి అప్పటికి అందుబాటులో ఉన్న ‘ఆక్’ అనే చిన్న భాష ఆ పనికి చాలలేదు. ఎలాగో సర్దుకుని ఆ పూటకు గడుపుకొనే బదులు ఆయన కొత్త భాషే రాసుకున్నారు. 1987 డిసెంబరు 18న అది లోకానికి విడుదలైంది. పేరు బైబిల్‌లోని ముత్యం ఉపమానం నుంచి వచ్చింది. అదే పేరుతో అప్పటికే ఇంకో భాష ఉండటంతో స్పెల్లింగులో ఒక అక్షరం తగ్గించారు.

పెర్ల్‌లో భాషావేత్త చేయి ఎక్కడ కనిపిస్తుందో చూడాలంటే చిన్న ప్రోగ్రామ్ చాలు. ఫైలులో ఒక్కో వరుసా చదువు, ఫలానా మాట ఉంటే అచ్చు వెయ్యి. అంతే. దేన్ని చదవాలి, దేనిలో వెతకాలి, దేన్ని అచ్చు వేయాలి అని ఎక్కడా చెప్పనక్కర్లేదు. ‘అది’ అనే సర్వనామం పని చేయడానికి డాలరు గుర్తు పక్కన అండర్‌స్కోర్ పెట్టి ఒక చరరాశిని (విలువను దాచుకునే పేరును) వాల్ సిద్ధంగా ఉంచారు, పైగా దాన్ని రాయకపోయినా భాషకు అర్థమవుతుంది. ‘చూసి, నచ్చితే ఉంచుకో’ అని కర్మను మింగేసి మాట్లాడే మనకు ఇది వింతేమీ కాదు. ఒకే విలువ ఉంటే డాలరు గుర్తు, పలు విలువలు ఉంటే అట్ గుర్తు: ఏకవచనం, బహువచనం అన్నమాట. ఒకే ప్రయోగం సందర్భాన్ని బట్టి వేర్వేరు అర్థాలిస్తుంది. గణితంలా కచ్చితంగా ఉండాలనుకునేవారికి ఒళ్లు మండేది సరిగ్గా ఇక్కడే.

1999లో ఒక ప్రసంగంలో వాల్ పెర్ల్‌ను మొదటి ‘పోస్ట్‌మోడర్న్’ కంప్యూటర్ భాష అన్నారు. ఆధునికతావాదం ‘ఇదా, అదా’ తేల్చమంటుంది, తన భాష ‘ఇదీ, అదీ’ అంటుందన్నది ఆయన వాదన. సీ, ఆక్, సెడ్, షెల్ వంటి పాత భాషల్లో, పనిముట్లలో నచ్చినవన్నీ తెచ్చుకుని, నచ్చనివి వదిలేశానని చెప్పుకున్నారు. ఆయన తరచూ చెప్పే కథ ఇంకొకటి ఉంది. ఒక విశ్వవిద్యాలయం కట్టినప్పుడు ముందు గడ్డి మాత్రమే వేశారట, ఏడాది తర్వాత జనం నడిచి అరిగిన చోట బాటలు పరిచారట. ‘ఒక పనికి ఒకటికి మించి దారులు’ అన్న పెర్ల్ నినాదం ఆ తీరులోంచే వచ్చింది.

సోమరితనం, అసహనం, అహంకారం అనే మూడూ ప్రోగ్రామర్ సుగుణాలని పెర్ల్ పాఠ్యగ్రంథంలో రాయడం కూడా ఆ ధోరణే. హాస్యంలా ఉన్నా అందులో సరుకుంది. చేసిన పనే మళ్లీ చేయడానికి బద్ధకించేవాడే దానికొక పనిముట్టు తయారుచేస్తాడు. పెర్ల్‌కు ఆయన రాసిన లైసెన్సు పేరు కూడా ‘ఆర్టిస్టిక్’. కోడ్‌ను కళాఖండంగా, రాసినవాడిని రచయితగా చూశారు.

1990లలో వెబ్ పుట్టుకొస్తుంటే పెర్ల్ దాని చేతిపనిముట్టు అయింది. 1995లో మొదలైన సీపాన్ అనే పెర్ల్ కోడ్ భాండాగారంలో ఎవరు రాసిన మాడ్యూలునైనా (సిద్ధంగా ఉన్న కోడ్ ముక్కనైనా) ఎవరైనా తీసుకోవచ్చు. మానవ జన్యుపటం ప్రయోగశాలల్లో పొంతన లేని ఫైళ్లను ఒక్కతాటికి తెచ్చిన ఘనతా పెర్ల్‌దే. అయితే స్వేచ్ఛతో పాటే చీకటి కోణం కూడా వచ్చింది. ఒక్క వరుసలో పనంతా ఇమిడ్చేయడం పోటీగా మారింది, రాసినవారికే ఆరు నెలలకు అర్థం కాని కోడ్ పేరుకుపోయింది. ‘రాయడానికే తప్ప చదవడానికి పనికిరాని భాష’ అనే ఎగతాళి అలా పుట్టింది. నా దృష్టిలో తప్పు సూత్రానిది కాదు, తెలివి ప్రదర్శనకు చప్పట్లు కొట్టిన గుంపుది. ప్రత్యర్థి భాష పైథాన్ సరిగ్గా దీనికి ఎదురు జెండా ఎత్తింది: ఒక పనికి స్పష్టమైన దారి ఒకటి ఉండాలి, వీలైతే ఒకటే ఉండాలి. కొత్తగా నేర్చుకునేవారు అటు మళ్లారు.

2000 జూలైలో, కాలిఫోర్నియాలోని మాంటెరేలో, పెర్ల్ సముదాయం నిస్తేజమైపోయిందన్న కోపంతో ఒక సభ్యుడు సమావేశంలో కాఫీ కప్పులు గోడకేసి కొట్టాడు. ఆ వేడిలోనే, అప్పటి పెర్ల్ 5 తర్వాత పెర్ల్ 6 తేవాలని నిర్ణయమైంది. వాల్ ఈసారి భాషను తానొక్కరే రాయలేదు, సూచనలు పంపండని అందర్నీ అడిగారు. 361 వచ్చాయి! దాదాపు ప్రతిదానిలో ఏదో ఒక నిజమైన ఇబ్బంది ఉంది. ‘ఇదీ, అదీ’ అనే మనిషి చేతిలో ఆ కట్ట పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? తొలి అధికారిక విడుదలకు 2015 క్రిస్మస్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఫలితం మాత్రం చిన్నది కాదు. ‘కాకి’ అనే మాట పొడవెంత అని అడిగి చూడండి. బైట్లు లెక్కపెట్టే ప్రోగ్రామ్ 12 అంటుంది. యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే పద్ధతి) సంకేతాలు లెక్కపెట్టే పైథాన్ 4 అంటుంది, గుడింతపు గుర్తులు విడిగా లెక్కకొస్తాయి కనుక. పెర్ల్ 6 మాత్రం 2 అంటుంది, బడిలో పిల్లవాడు చెప్పినట్టే. తెలుగు అంకెలతో కూడిక రాసినా లెక్క చేసి పెడుతుంది. లిపి లేని భాషకు లిపి కట్టాలనుకున్న మనిషి కోరిక మరో రూపంలో నెరవేరిందని నాకనిపిస్తుంది.

కానీ ఈ 15 ఏళ్లూ పాత పెర్ల్ 5 తన దారిన బతుకుతూనే ఉంది. ‘6 వస్తోందిగా’ అని జనం 5ను చిన్నచూపు చూశారు. 6 వచ్చాక అది 5తో పొసగని వేరే భాషని తేలింది. పేరు మార్పు ప్రతిపాదన వచ్చినప్పుడు వాల్ అడ్డుపడలేదు. పాత బట్టకు కొత్తగుడ్డ మాసిక వేయరు, కొత్త ద్రాక్షారసాన్ని పాత తిత్తుల్లో పోయరు అన్న బైబిల్ వాక్యాలతో ఆమోదం తెలిపారు. ఆ మరుసటి ఏడాదే పెర్ల్ 5 వారు కూడా నియమాలను కాస్త బిగించి ‘పెర్ల్ 7’ తెస్తామని ప్రకటించారు. పాత కోడ్ ఆగిపోతుందని వాడుకరులు అడ్డం తిరగడంతో అది రాలేదు, 5వ వరుసలోనే కొత్త వెర్షన్లు వస్తున్నాయి.