గ్రూప్ ఫిట్‌నెస్ క్లాసులో మనసు చిన్నబోతే: కొన్ని అపోహలు, వాస్తవాలు

"ఇంకా రెండే!" అని మైకులో అరిచాను. ఆ రెండూ అయ్యాయి. "ఇంకా రెండే!" అన్నాను మళ్లీ. ఆ ఉదయం ఒక్క స్క్వాట్ల దగ్గరే ఐదుసార్లు అలా అన్నానట. లెక్క పెట్టింది రెండో వరుస చివర నిలబడే ఒక పెద్దావిడ. క్లాసు అయ్యాక మ్యాట్ చుట్టుకుంటూ దగ్గరికి వచ్చి, "అమ్మాయీ, నువ్వు రెండు అంటే రెండింటికి సరిపడా ఓపిక దాచుకుంటాను. నువ్వేమో పది చేయిస్తావు. మధ్యలో ఆగిపోయి, నాకు చేతకాదు కాబోలు అనుకుంటాను. పది అని ముందే చెప్పరాదూ?" అన్నారు.

అప్పటికి నేను గ్రూప్ క్లాసులు నడపడం మొదలుపెట్టి 7 ఏళ్లు. అందరిలో హుషారు నింపుతున్నాననే నా నమ్మకం. ఆవిడ మాట చురుక్కుమంది కానీ, ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. క్లాసు మానేసినవాళ్లు ఎక్కడైనా ఎదురైతే అసలు కారణం అడుగుతాను. మొదట అందరూ "టైము కుదరడం లేదండీ" అంటారు. రెండు నిమిషాలు ఓపిక పడితే రెండో జవాబు వస్తుంది: "నేను మీ క్లాసుకు సరిపోనండీ." "మీరు చెప్పే తీరు నాకు పడలేదు" అని ముఖాన అన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. లోపం తమలోనే ఉందనుకుని వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ. వాళ్ల నోటా, నా తోటి ఇన్‌స్ట్రక్టర్ల నోటా తరచూ విన్న అపోహలు ఇవి.

అపోహ: నిరుత్సాహపడ్డానంటే నాకు పట్టుదల లేనట్టే

మనిషి ఒక పనిని ఎవరి బలవంతమూ లేకుండా కొనసాగించాలంటే మూడు కావాలని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ దశాబ్దాలుగా చెబుతున్నారు. నా ఇష్టంతో చేస్తున్నాననే భావన, నాకు చేతనవుతోందన్న నమ్మకం, ఇక్కడివాళ్లలో నేనూ ఒకరినన్న చనువు. 45 నిమిషాల క్లాసులో ఈ మూడింటినీ తుడిచిపెట్టడం చాలా తేలిక. "ఎవరూ ఆగకూడదు" అంటే మొదటిది పోతుంది. "ఇది కూడా రావడం లేదా?" అంటే రెండోది. ముందు వరుసవాళ్లను పేరు పెట్టి పిలుస్తూ, మిగతావాళ్లను "వెనక ఉన్నవాళ్లు" అంటే మూడోది. పట్టుదల ఉన్నవాళ్లయితే ఇంకో నాలుగు క్లాసులు భరిస్తారేమో, అంతే తేడా.

శరీరం సంగతి కూడా ఉంది. మాట పెగలనంతగా ఊపిరి ఎగబాకే హద్దు ఒకటి ప్రతి ఒక్కరికీ ఉంటుంది. అది దాటాక దాదాపు అందరికీ హాయి తగ్గుతూ పోతుంది. పాంటెలిమాన్ ఎకెకాకిస్ వంటి పరిశోధకులు ఏళ్ల తరబడి పరిశీలించింది దీన్నే. అలవాటు లేనివారికి ఆ హద్దు త్వరగా వచ్చేస్తుంది. కాబట్టి ఒకే పాట, ఒకే స్టెప్పు నాకు ఉల్లాసంగా ఉన్న నిమిషంలోనే, చేరి మూడు వారాలైన మనిషికి నరకంగా ఉండవచ్చు. నేను నవ్వుతూ "భలే ఉంది కదా!" అంటే ఆమెకు ఒళ్లు మండదా మరి? వ్యాయామం చేస్తుండగా ఎలా అనిపించిందన్న దానికీ, కొన్ని నెలల తర్వాత కూడా చేస్తూ ఉంటారా లేదా అన్న దానికీ సంబంధం ఉందని పరిశోధనల్లో కనబడింది. ఆ అనుభూతిని విసుగు, బద్ధకం అని కొట్టిపారేసే ఇన్‌స్ట్రక్టర్ తన క్లాసును తానే ఖాళీ చేసుకుంటున్నట్టు లెక్క.

అపోహ: నాకు తాళజ్ఞానం లేదు, స్టెప్పులు నా వల్ల కావు

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. మా వృత్తి గుట్టంతా ఇక్కడే ఉంది.

స్టెప్పుల క్లాసులో పాట ఎనిమిదేసి బీట్ల ముక్కలుగా నడుస్తుంది. అలాంటివి నాలుగు కలిస్తే 32. స్టెప్పుల అల్లిక చాలావరకు ఆ 32 మీదే. ఒక స్టెప్పు నుంచి ఇంకో స్టెప్పుకు మారబోయే ముందు, నడుస్తున్న ముక్కలో చివరి నాలుగు బీట్లు మిగిలి ఉండగానే ఇన్‌స్ట్రక్టర్ ఏం చేయాలో, ఎటు వెళ్లాలో చెప్పేయాలి. నిమిషానికి 135 బీట్ల పాటలో నాలుగు బీట్లంటే రెండు సెకన్లు కూడా ఉండదు. ఆ లోపే మీరు మాట వినాలి, అర్థం చేసుకోవాలి, బరువు ఏ కాలి మీద ఉందో గమనించి రెండో కాలు కదపాలి. చెప్పేవారు రెండు బీట్లు ఆలస్యం చేస్తే వినేవారికి సగం సమయం పోయినట్టే.

ఒకసారి వెనక గోడకు ఫోను ఆనించి నా క్లాసును నేనే వీడియో తీసుకున్నాను. ఒక మలుపు దగ్గర ప్రతిసారీ సగం మంది తడబడుతున్నారు. క్లాసులో ఉండగా "మీరు అసలు వినడం లేదు" అని రెండుసార్లు విసుక్కున్నాను కూడా. ఇంటికి వెళ్లి వీడియో చూస్తే తల తీసేసినట్టయింది. "తిరగండి" అన్న మాట సరిగ్గా కొత్త ముక్కలోని 'ఒకటి' మీద పడుతోంది. అంటే తిరిగి ఉండాల్సిన క్షణంలో తిరగమంటున్నాను. వచ్చేది నాకు ముందే తెలుసు కాబట్టి నా కాళ్లు సమయానికే తిరిగాయి. అక్కడితో అయిపోలేదు. వాళ్లకు ఎదురుగా నిలబడి, నా కుడివైపుకు వెళ్తూ "కుడి" అంటున్నాను. వాళ్లకు అది ఎడమ. ఎదురుగా నిలబడినప్పుడు మేము అద్దంలా ఉండాలి, నోటితో "కుడి" అంటూ మా ఎడమ కాలు కదపాలి. ఆ రోజు ఎడమకు వెళ్లినవాళ్లు నన్ను చూసినవాళ్లు, కుడికి వెళ్లినవాళ్లు నన్ను విన్నవాళ్లు. తప్పు చేసింది నేనొక్కదాన్నే.

అందుకే తడబడినప్పుడు ఒకసారి చుట్టూ చూడండి. మీరొక్కరే, ఒక్కోసారి ఒక్కోచోట తడబడుతుంటే అది కొత్త కావడం వల్ల, కొన్ని క్లాసులకు సర్దుకుంటుంది. పదిమంది ఒకేచోట తడబడుతుంటే లోపం వేదిక మీద ఉంది.

సూచన చెప్పే మాటలో కూడా తేడా ఉంటుంది. మన దృష్టి అవయవాల మీద కాకుండా ఆ కదలికతో సాధించాల్సిన దాని మీద ఉన్నప్పుడు నైపుణ్యం బాగా పట్టుబడుతుందని కదలికల నైపుణ్యం మీద పరిశోధించే గాబ్రియేలె వుల్ఫ్ 1990ల చివరి నుంచి చేసిన ప్రయోగాల్లో పదే పదే కనబడింది. "తొడ బిగించండి, తుంటి వెనక్కి, మోకాళ్లు బయటికి, ఛాతీ పైకి" అని ఒకే ఊపిరిలో నాలుగు చెబితే మనిషి కర్రలా బిగుసుకుపోతాడు. "వెనక కుర్చీ ఉందనుకుని కూర్చోబోండి, నేలను కిందికి తోస్తూ లేవండి" అంటే చాలామంది రెండో ప్రయత్నంలోనే దారికి వస్తారు. నాలుగు సూచనలూ విని ఏదీ చేయలేక నిలబడిపోయిన మనిషి మాత్రం, తనకు శరీరం మాట వినదని తీర్మానించుకుని ఇంటికి వెళ్తుంది.

అపోహ: గద్దించేవాళ్లే మంచి ఇన్‌స్ట్రక్టర్లు

గద్దింపు నచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పు పట్టను. నా క్లాసులోనే ఒకతను "ఈ రోజు తిట్టలేదేమిటి?" అని అడుగుతాడు. అది అతనికీ నాకూ మధ్య ఒప్పందం. పక్కనున్న మనిషి ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు.

ఒంటరిగా కంటే నలుగురిలో ఎక్కువ చేయగలమన్నది మాత్రం నిజమే. 1920లలో జర్మన్ మనస్తత్వవేత్త ఒట్టో కోలర్ పడవ క్లబ్బు సభ్యులతో బరువులు ఎత్తించి చూశాడు. జంటగా చేసినప్పుడు బలహీనుడు ఒంటరిగా చేసినదానికంటే ఎక్కువ చేశాడు. అయితే ఇద్దరి శక్తిలో తేడా ఓ మోస్తరుగా ఉన్నప్పుడే ఆ లాభం బాగా కనబడింది, తేడా మరీ పెద్దదైతే తగ్గిపోయింది. పక్కన మీకంటే కాస్త మెరుగ్గా చేసే మనిషి ఉంటే చాలన్నమాట. నేను మాత్రం ఏళ్ల తరబడి వేదిక మీద అన్నిటికంటే కష్టమైన రూపం చేసి చూపిస్తూ, "కుదరనివాళ్లు తేలికది చేసుకోండి" అనేదాన్ని. ఆ మాట వెనక వరుసలో వెక్కిరింపులా వినబడుతుంది. ఇప్పుడు తేలిక రూపంతో మొదలుపెట్టి చాలాసేపు అందులోనే ఉంటాను. గెంతాలనుకున్నవాళ్లు గెంతుతారు, వాళ్లకు నా అనుమతి అక్కర్లేదు.

ఇక పాట మోత. రోజుకు 8 గంటల పనికి 85 డెసిబెల్స్ హద్దు అనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గించాలనీ అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. ఆ లెక్కన 94 దగ్గర ఒక్క గంటే. మోత తట్టుకోలేకపోతున్నారంటే మీరు ముసలివారైపోయారని కాదు, మీ చెవులు బాగా పనిచేస్తున్నాయని. తగ్గించమని అడగండి.

అపోహ: మంట పుట్టకపోతే, మర్నాడు నొప్పి లేకపోతే క్లాసు దండగ

మర్నాటి నొప్పి ఎక్కువగా కొత్త కదలిక వల్ల, ముఖ్యంగా కండరం బరువు మోస్తూ సాగే కదలిక వల్ల వస్తుంది. 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్ల కాదు, అది కాసేపట్లోనే రక్తంలోంచి తొలగిపోతుంది. నొప్పి తగ్గుతూ వచ్చిందంటే శరీరం అలవాటు పడుతోందన్న మాట, క్లాసు వృథా అయిందని కాదు.

ఎంత కష్టపడుతున్నారో మీకు తెలిసినంత నాకు తెలియదు. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నర్ బోర్గ్ 1960లలోనే దీనికి 6 నుంచి 20 వరకు ఒక కొలబద్ద తయారుచేశాడు. 'ఇప్పుడు ఎంత కష్టంగా ఉంది?' అని మనిషినే అడిగి అంకె వేయించడమే ఆ పద్ధతి. గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో చెప్పేందుకు గోడ మీద అంటించే '220 లోంచి వయసు తీసేయండి' సూత్రం సగటు అంచనా మాత్రమే, ఒక్కో మనిషికి 10, 12 అటూ ఇటూ కావడం మామూలే. ఆ అంకె అందుకోలేదని ఎవరైనా మిమ్మల్ని అదిలిస్తే పట్టించుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం తమాషా లేదు. అలవాటు లేని మనిషిని మొదటి రోజే మితిమీరి చేయిస్తే కండరాలు దెబ్బతిని, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేయవచ్చు. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. ఇండోర్ సైక్లింగ్ మొదటి క్లాసు తర్వాతే ఆసుపత్రి పాలైనవారి ఉదంతాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. భరించలేని నొప్పి, వాపు, ముదురు టీ రంగులో మూత్రం కనబడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. "ఆగితే ఓడిపోయినట్టే" అనే ఇన్‌స్ట్రక్టర్ ఆ ఆసుపత్రి గదిలో మీ పక్కన ఉండదు.

అపోహ: అందరూ నన్నే చూస్తున్నారు

సగం అబద్ధం. 2000లో మనస్తత్వవేత్త థామస్ గిలోవిచ్ బృందం కొందరు విద్యార్థులకు ఇబ్బందికరమైన బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి గదిలోకి పంపింది. గదిలో సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది పావు వంతు మందే. గ్రూప్ క్లాసులో ఎవరి ఊపిరి గొడవ వారిది.

మిగతా సగం మాత్రం నిజం, అది నా చేతిలో ఉంది. నేను మైకులో ఒకరిని చూపిస్తూ "మీరు, నీలం షర్టు, ఇంకా కిందికి!" అన్న క్షణంలో అందరూ చూస్తారు. తప్పు దిద్దాలంటే పక్కకు వెళ్లి మైకు తిప్పేసి చెప్పవచ్చు, లేదా అందరికీ కలిపి చెప్పవచ్చు. ముట్టుకోవాలంటే ముందు అడగాలి.

పొట్ట, తొడలు, తిన్నదంతా కరిగించడం: ఈ మాటలు ఉత్సాహం ఇస్తాయని మా వాళ్లలో చాలామందికి గట్టి నమ్మకం. మనస్తత్వవేత్త రెనీ ఎంగెల్న్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో మహిళలు ఒకే 16 నిమిషాల క్లాసు చేశారు. మాటలు మాత్రమే తేడా. కొందరికి అందం గురించిన మాటలు, కొందరికి బలం, ఆరోగ్యం గురించిన మాటలు. క్లాసు చివర తమ శరీరం పట్ల ఎక్కువ తృప్తిగా, హుషారుగా ఉన్నది రెండో గుంపు. కదలికలన్నీ ఒకటే అయినప్పుడు మాట మార్చుకోవడానికి మాకు అడ్డేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: ఇన్‌స్ట్రక్టర్‌కు చెబితే ఏమనుకుంటారో

ముందు మా వైపు నుంచి ఒక్క మాట. కొన్ని ప్రోగ్రాములలో పాటలు, స్టెప్పులు, వరుస అన్నీ పైనుంచి తయారై వస్తాయి, మార్చే వీలు మాకు ఉండదు. కొన్నిసార్లు మీ ముందున్న మనిషికి అది ఆ రోజు నాలుగో క్లాసు. కానీ గొంతు, మాట, చెప్పే సమయం, ఇవి ఎప్పుడూ మా చేతిలోనే ఉంటాయి.

క్లాసు మధ్యలో చెబితే మాకు వినబడదు. క్లాసు అయిన వెంటనే చుట్టూ జనం. మొదలయ్యే ఐదు నిమిషాల ముందు వచ్చి ఒకే ఒక్క విషయం, స్పష్టంగా చెప్పండి. "మీ తీరు బాగాలేదు" అంటే ఎవరైనా ముడుచుకుంటారు. "మలుపు కాస్త ముందు చెప్పండి", "నన్ను మైకులో పిలవకండి", "మోకాలి వల్ల నేను గెంతను, అలా వదిలేయండి" అంటే చేసేది ఏమిటో తెలుస్తుంది. విన్న మనిషి ఆ క్లాసులోనే ఏదో ఒకటి మార్చుకుంటుంది. మూడు క్లాసులు చూసినా మారకపోతే వేరే క్లాసుకు వెళ్లండి. నీళ్లు తాగడానికి వెళ్లి తిరిగి రాకపోయినా ఎవరూ రికార్డు రాసుకోరు.

ఆ పెద్దావిడ ఇప్పటికీ రెండో వరుస చివరే. నేను పది అంటే పదే చేయిస్తున్నాను. పాట ఊపులో ఎప్పుడైనా పదకొండోదానికి దిగబోతే, ఆ మూల నుంచి ఒక చిన్న దగ్గు వినిపిస్తుంది.