ఆన్‌లైన్ స్టోర్‌కి థీమ్ ఎంచుకోవడం: వేగం గురించిన అపోహలు – వాస్తవాలు

ఆన్‌లైన్ స్టోర్లు కట్టడం, నెమ్మదించిన వాటిని బాగుచేయడం నా పని. "సైట్ స్లోగా ఉందండీ, ఏదైనా మంచి ప్లగిన్ చెప్పండి" అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి ఆ ఇబ్బంది థీమ్ (స్టోర్ రూపాన్ని, పేజీల అమరికని ఇచ్చే రెడీమేడ్ డిజైన్) కొన్న రోజే మొదలై ఉంటుంది. రంగులు నచ్చాయి, స్లైడర్ నచ్చింది, కొనేశారు. వందల ప్రోడక్టులు ఎక్కించి, ఆర్డర్లు వస్తున్న దశలో థీమ్ మార్చడమంటే సామానంతా సర్దుకుని ఇల్లు మారినంత పని. అందుకే కొనకముందే తెలియాల్సిన సంగతులు రాస్తున్నాను.

అపోహ: డెమోకి వేగం స్కోరు 100కి 98 వచ్చింది, నా స్టోర్‌కీ అంతే వస్తుంది.

వాస్తవం: డెమో అంటే అమ్మేవాళ్లు ముస్తాబు చేసి పెట్టిన పేజీ. అందులో ఉండేవి పదో పన్నెండో ప్రోడక్టులు, బాగా కుదించిన ఫోటోలు. వెనక మంచి సర్వర్, దాని ముందు సీడీఎన్ (కస్టమర్‌కి దగ్గర్లోని సర్వర్ నుంచి ఫైళ్లు అందించే వ్యవస్థ). రివ్యూల యాప్ ఉండదు, చాట్ బటన్ ఉండదు, యాడ్స్ ట్రాకింగ్ కోడ్ ఉండదు, కుకీల అనుమతి అడిగే బ్యానర్ కూడా చాలాసార్లు ఉండదు. మీ స్టోర్‌లో ఇవన్నీ వచ్చి చేరతాయి. కాబట్టి డెమో స్కోరు మీకు రాబోయే స్కోరు కాదు, మీరు అందుకోగల గరిష్ఠం అనుకోండి. ఏ బరువూ లేని డెమోయే మొబైల్‌లో 60 దగ్గర ఆగిపోతుంటే, దాని మీద మీ యాప్‌లు పడటం మూలిగే నక్క మీద తాటిపండు పడటమే.

ఆన్‌లైన్ స్టోర్లు నడిపే షాపిఫై తన థీమ్ స్టోర్‌లో చోటివ్వాలంటే, గూగుల్ వేగం కొలిచే సాధనం లైట్‌హౌస్‌లో పర్ఫామెన్స్ స్కోరు సగటున కనీసం 60 ఉండాలి. హోమ్, ప్రోడక్ట్, కలెక్షన్ (ఒక రకం ప్రోడక్టుల జాబితా) పేజీలు మూడూ ఆ లెక్కలోకి వస్తాయి. అది మంచి షరతే, కానీ అది లోపలికి రావడానికి గడప మాత్రమే. అక్కడ దొరుకుతోంది కాబట్టి వేగంగానే ఉంటుందని అనుకోకండి.

నేను డెమో చూసేటప్పుడు హోమ్ పేజీని దాదాపు పట్టించుకోను. యాడ్ నొక్కి వచ్చేవాళ్లు, గూగుల్‌లో వెతికి వచ్చేవాళ్లు ఎక్కువగా దిగేది ప్రోడక్ట్ పేజీలోనో కలెక్షన్ పేజీలోనో. ఆ రెండింటినీ లైట్‌హౌస్ స్కోరు చూపించే గూగుల్ ఉచిత సైట్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ ట్యాబ్ కింద కనీసం మూడుసార్లు చూస్తాను. ప్రతిసారీ స్కోరు కొంత అటూ ఇటూ అవుతుంది కాబట్టి మూడింటిలో మధ్యది తీసుకుంటాను. తర్వాత పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి చేతిలోకి తీసుకుని కలెక్షన్ పేజీలో ఫిల్టర్ నొక్కుతాను, ప్రోడక్ట్ పేజీలో సైజు మారుస్తాను, కార్ట్‌లో వేస్తాను. స్కోరులో కనబడని తేడాలు వేలికి తెలుస్తాయి.

అన్నిటికంటే నమ్మదగ్గ పరీక్ష మీ సొంత సరుకుతో చేసేదే. షాపిఫైలో డబ్బు కట్టే థీమ్‌ని కూడా పబ్లిష్ చేయకముందు ఉచితంగా పెట్టి చూసుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ అయితే స్టేజింగ్ సైట్‌లో, అంటే కస్టమర్లకి కనబడని పరీక్ష కాపీలో పెట్టండి. ఎక్కువ ఫోటోలు, ఎక్కువ వేరియంట్లు (సైజులు, రంగులు) ఉన్న ప్రోడక్ట్‌నే ఎంచుకుని దాని పేజీని కొలవండి.

అపోహ: ఫీచర్లు ఎన్ని ఉంటే అంత మంచిది. వాడనివి ఆపేస్తే భారం ఉండదు.

వాస్తవం: నా అనుభవంలో స్టోర్లకి ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. సెట్టింగ్స్‌లో స్లైడర్ ఆపేస్తే అది తెర మీద కనబడదు. కానీ దాని సీఎస్ఎస్ (రూపం చెప్పే కోడ్), జావాస్క్రిప్ట్ (కదలికలు, స్పందనలు నడిపే కోడ్) చాలా థీమ్‌లలో అన్నిటితో కలిసి ఒకే పెద్ద ఫైల్‌లో ఉంటాయి, ఆ ఫైల్ ప్రతి పేజీలోనూ దిగుతుంది. మెగా మెనూ, పాపప్, కౌంట్‌డౌన్, మూడు రకాల గ్యాలరీలు ఏవీ వాడకపోయినా వాటి బరువు కస్టమర్ ఫోన్ మోస్తుంది.

ఇది మీరే చూడొచ్చు. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, కవరేజ్ అనే ప్యానెల్‌లో డెమో పేజీని రీలోడ్ చేయండి. ప్రతి ఫైల్‌లో ఆ పేజీ వాడని భాగాన్ని ఎర్రగా చూపిస్తుంది. కొంత ఎరుపు ఏ థీమ్‌లోనైనా తప్పదు. థీమ్ సొంత ఫైల్‌లో నాలుగింట మూడొంతులు ఎర్రగా ఉంటే మాత్రం నేను ఆ థీమ్ వదిలేస్తాను.

ఇక్కడ ఒక సంగతి విడిగా చెప్పాలి. 200 కేబీ ఫోటో, 200 కేబీ జావాస్క్రిప్ట్ ఒకటే బరువు కావు. ఫోటో దిగాక తెర మీద వేసేస్తే సరిపోతుంది. జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ దించుకోవాలి, చదవాలి, కంపైల్ చేయాలి, నడపాలి. ఈ పనిలో చాలా భాగం పడేది బ్రౌజర్ పనులు ఒక్కొక్కటిగా చేసే మెయిన్ థ్రెడ్ మీద, కస్టమర్ వేలి తాకిడికి స్పందించాల్సింది కూడా అదే థ్రెడ్. అది ఖాళీ లేకపోతే 'కార్ట్‌లో వేయి' నొక్కినా ఏమీ కదలదు. మనిషి మళ్లీ నొక్కుతాడు, కార్ట్‌లో రెండు పడతాయి. లేదా విసిగి వెళ్లిపోతాడు. ఈ ఆలస్యాన్ని కొలిచేదే ఐఎన్‌పీ (ఇంటరాక్షన్ టు నెక్స్ట్ పెయింట్). పేజీ అనుభవాన్ని కొలిచే గూగుల్ ప్రధాన కొలతలైన కోర్ వెబ్ వైటల్స్‌లో ఇది 2024 మార్చి 12 నుంచి పాత ఎఫ్‌ఐడీ (ఫస్ట్ ఇన్‌పుట్ డిలే) స్థానంలోకి వచ్చింది. 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే బాగున్నట్టు లెక్క. ఎఫ్‌ఐడీ మొదటి తాకిడి వెనక ఉన్న నిరీక్షణ ఒక్కటే చూసేది. ఐఎన్‌పీ ఆ పేజీలో ఉన్నంతసేపూ జరిగే నొక్కుళ్లన్నిటినీ గమనిస్తుంది, నొక్కిన దగ్గర్నుంచి తెర మారేదాకా కొలుస్తుంది. ఫిల్టర్లు, వేరియంట్లు, కార్ట్ డ్రాయర్ (పక్క నుంచి తెరుచుకునే కార్ట్) ఉండే స్టోర్లకి ఇది గట్టి పరీక్షే. భారీ థీమ్‌ల లోపం ఇక్కడే బయటపడుతుంది.

అపోహ: క్యాషింగ్ ప్లగిన్ పెడితే ఏ థీమ్ అయినా పరిగెత్తుతుంది.

వాస్తవం: క్యాషింగ్ అంటే తయారైన పేజీని దాచిపెట్టి మళ్లీ ఇవ్వడం, దానివల్ల సర్వర్ జవాబు త్వరగా వస్తుంది. వచ్చిన జావాస్క్రిప్ట్‌ని ఫోన్ నడిపే సమయం దానివల్ల తగ్గదు. పైగా వర్డ్‌ప్రెస్‌లో స్టోర్ నడిపే ప్లగిన్ వూకామర్స్‌లో కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలు ఒక్కో కస్టమర్‌కి ఒక్కోలా ఉంటాయి, వాటిని పేజీ క్యాష్‌లో పెట్టకూడదు. అంటే డబ్బు చేతులు మారే చోటే క్యాష్ మిమ్మల్ని ఆదుకోదు.

వూకామర్స్ వాళ్లకి ఇంకో మాట. హెడర్‌లోని చిన్న కార్ట్ అంకెని తాజాగా ఉంచడానికి కార్ట్ ఫ్రాగ్మెంట్స్ అనే స్క్రిప్ట్ పేజీ తెరిచినప్పుడు సర్వర్‌ని అడుగుతుంది. 2023లో వచ్చిన 7.8 వెర్షన్ నుంచి వూకామర్స్ దాన్ని అన్ని పేజీల్లో దానంతటదే లోడ్ చేయడం మానేసింది. కొన్ని థీమ్‌లు తమ సొంత హెడర్ కార్ట్ కోసం దాన్ని మళ్లీ తెచ్చిపెడతాయి. డెమోలో నెట్‌వర్క్ ప్యానెల్ తెరిచి 'ఫ్రాగ్మెంట్స్' అన్న పేరున్న రిక్వెస్ట్ వెళ్తోందేమో చూడండి.

అపోహ: ఫోటోలన్నిటికీ లేజీ లోడింగ్ ఉన్న థీమ్ వేగంగా ఉంటుంది.

వాస్తవం: లేజీ లోడింగ్ అంటే ఫోటో తెర దగ్గరికి వచ్చేదాకా దాన్ని దించకపోవడం, కింద ఉన్న ఫోటోలకి అది మేలే. పేజీ తెరవగానే కనబడే పెద్ద ఫోటోకి మాత్రం అది చేటు. ప్రోడక్ట్ పేజీలో ఎల్‌సీపీ (తెర మీది అతిపెద్ద భాగం కనబడేందుకు పట్టే సమయం) అంటే చాలాసార్లు ఆ మొదటి ఫోటో కనబడేందుకు పట్టే సమయమే, అది 2.5 సెకన్ల లోపు ఉండాలి. దాన్ని లేజీ చేస్తే బ్రౌజర్ పేజీ లేఅవుట్ తేలేదాకా ఆ ఫోటోని తేవడమే మొదలుపెట్టదు. వర్డ్‌ప్రెస్ 2020లో 5.5 వెర్షన్‌తో లేజీ లోడింగ్ తెచ్చింది, 5.9లో మొదటి ఫోటోని వదిలేయడం నేర్చుకుంది, 2023లో 6.3తో ఆ ఫోటోకి ప్రాధాన్యం ఇమ్మని బ్రౌజర్‌కి చెప్పడం కూడా మొదలుపెట్టింది. కానీ ఫోటోని సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌గానో, స్లైడర్ స్క్రిప్ట్ ద్వారానో పెట్టే థీమ్‌కి ఈ మేలేదీ అందదు. పేజీ సోర్స్ తెరిచి చూస్తే ప్రధాన ఫోటో మామూలు ఇమేజ్ ట్యాగ్‌లో, వెడల్పు ఎత్తు రాసి, రకరకాల సైజుల జాబితాతో కనబడాలి. వెడల్పు, ఎత్తు ముందే తెలిస్తే ఫోటో వచ్చినప్పుడు కింది బటన్లు గెంతవు.

అపోహ: డబ్బు కట్టిన థీమే వేగం.

వాస్తవం: ధరకీ వేగానికీ సంబంధం లేదు. షాపిఫై 2021లో ఇచ్చిన డాన్ అనే థీమ్ ఉచితం, జేక్వెరీ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ లేకుండా రాసింది, కోడ్ ఎవరైనా చదవొచ్చు. ఏ థీమ్‌కైనా ధర కంటే ముందు దాని అప్‌డేట్ల చరిత్ర చదవండి.

అపోహ: 100 రాకపోతే గూగుల్ వెనక్కి నెట్టేస్తుంది.

వాస్తవం: లైట్‌హౌస్ స్కోరు ఒక ప్రయోగశాల లెక్క. నెమ్మదైన 4జీ, నాలుగు రెట్లు తగ్గించిన ప్రాసెసర్ వేగం అని ఊహించుకుని కొలుస్తుంది. గూగుల్ ర్యాంకింగ్‌లో చూసేది క్రోమ్ వాడే నిజమైన మనుషుల నుంచి వచ్చిన గత 28 రోజుల డేటా. వచ్చినవాళ్లలో 75 శాతం మందికి పేజీ బాగా నడిచిందా అన్నదే అక్కడ ప్రశ్న. వేగం ఎన్నో సంకేతాల్లో ఒకటి మాత్రమే. 100 కోసం రివ్యూలు తీసేస్తామనే వాళ్లతో నేను ఏకీభవించను. రివ్యూలు చదివి కొనేవాళ్లున్నారు. తీసేయాలనుకుంటే హోమ్ పేజీలో తిరిగే స్లైడర్ తీసేయండి.

అపోహ: స్టోర్ స్లోగా ఉందంటే థీమ్ మార్చాల్సిందే.

వాస్తవం: ఇది నేను కష్టపడి నేర్చుకున్నాను. ఒక స్టోర్‌కి వారాల పాటు కూర్చుని థీమ్ మార్చాను, స్కోరు కదల్లేదు. వెతికితే ఒకే ట్రాకింగ్ కోడ్ ట్యాగ్ మేనేజర్‌లో (ట్రాకింగ్ కోడ్‌లన్నీ ఒకచోట పెట్టే సాధనం) ఒకసారి, థీమ్ ఫైల్‌లో ఒకసారి ఉంది. ఎప్పుడో తీసేసిన యాప్‌ల స్క్రిప్టులు కూడా మిగిలిపోయాయి. నేను ఫైళ్లు కాపీ చేసినప్పుడు అవి కొత్త థీమ్‌లోకి వచ్చేశాయి. ఆ యజమాని సమయం వృథా చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ముందుగా థీమ్ కాపీ ఒకటి తీసి, అందులో యాప్‌లు, అదనపు కోడ్ అన్నీ ఆపేసి కొలుస్తాను. అలా ఉత్త థీమ్ వేగంగా నడిస్తే తప్పు థీమ్‌ది కాదు. ఒక్కో యాప్ తిరిగి పెడుతూ ఎక్కడ పడిపోతోందో పట్టుకుంటాను. ఉత్త థీమే నెమ్మదిగా ఉంటే అప్పుడు మారుస్తాను.

మార్చేటప్పుడు ప్రోడక్ట్ పేజీ, కలెక్షన్ పేజీల పాత అంకెలు రాసి పెట్టుకోండి. గూగుల్ ఫలితాల్లో ధర, స్టాక్ కనబడేలా పేజీలో రాసే స్ట్రక్చర్డ్ డేటా అనే కోడ్ కొత్త థీమ్‌లో కూడా ఉందో లేదో చూసుకోండి. మార్చాక సైట్ యజమానులకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో అంకెలు వెంటనే కదలవు, ఆ 28 రోజుల లెక్కలో పాత థీమ్ రోజులు ఇంకా కలిసే ఉంటాయి. మొదటి వారం చూసి పాత థీమ్‌కి తిరిగి వెళ్లిపోకండి. ఈలోగా లైట్‌హౌస్‌లో అవే పేజీలు కొలిచి, రాసి పెట్టుకున్న అంకెలతో పోల్చండి.