మీట మీద బొమ్మ ఎన్నాళ్లుంటుంది?

వరంగల్ దగ్గరి ఒక జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరుచేసే) మిల్లు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ప్యానెల్ బోర్డు మీద 24 పుష్ బటన్లున్నాయి, వాటి కింద అంటించిన పేర్ల స్టిక్కర్లు చెరిగిపోయాయి. వాటికి బదులు తెర ఉన్న మీటలు 12 పెట్టి, ఒక్కోదానికి రెండేసి పనులు అప్పగించవచ్చా? ఏ రకం కొనాలి?

అప్పగించవచ్చు. ఈ మీటల్లో రెండు కుటుంబాలున్నాయి. కింద ఒకే పెద్ద తెర పరిచి, పైన పారదర్శక ప్లాస్టిక్ మీటలు అమర్చేది ఒకటి. ఎల్గాటో స్ట్రీమ్ డెక్ అలాంటిదే: 15 మీటలు, ఒక్కోదానికి 72 × 72 చుక్కలు (పిక్సెళ్లు). చవకే గానీ తెర పోతే అన్ని మీటలూ ఒకేసారి గుడ్డివవుతాయి, పైగా పక్కనే కంప్యూటర్ ఉండాలి. రెండో కుటుంబంలో ప్రతి మీటకూ సొంత తెర. 2008లో వచ్చిన ఆప్టిమస్ మాక్సిమస్ కీబోర్డులో 113 మీటలుంటే, ఒక్కోదానిలో 48 × 48 చుక్కల ఓఎల్‌ఈడీ తెర. మిల్లు ప్యానెల్‌కు ఈ రెండో రకమే సరి, ఒకటి పోతే ఒకటే మార్చుకోవచ్చు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది: తెర ఎల్‌సీడీనా, ఓఎల్‌ఈడీనా? చూడగానే ఓఎల్‌ఈడీ మనసు లాగేస్తుంది. నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, ఏ పక్కనుంచి చూసినా అక్షరం తేటగా కనిపిస్తుంది. కానీ అందులో ప్రతి చుక్కా ఒక దీపం. కరెంటు పారినంతసేపూ ఆ చుక్కలోని సేంద్రియ పొర కొద్దికొద్దిగా పాడవుతుంది, నీలం అన్నిటికంటే ముందు. ఎక్కువసేపు వెలిగిన చుక్క ఎక్కువ మసకబారుతుంది. రోజంతా ‘ఫ్యాన్’ అనే మాట చూపే మీటలో ఆ అక్షరాల చుక్కలే అరుగుతాయి, చుట్టూ ఉన్నవి కొత్తగానే ఉంటాయి. ఏళ్లు వేలాడిన క్యాలెండర్ తీసేస్తే గోడ మీద దాని చోటు ఎలా బయటపడుతుందో, రేపు ఆ మీట మీద వేరే మాట వేసినప్పుడు పాత ‘ఫ్యాన్’ అలా నీడలా తేలుతుంది. గోడ మొత్తం సమంగా వెలిసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మన కంటికి దొరికేది మసక కాదు, పక్కపక్క చుక్కల మధ్య తేడా.

అందుకే డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఉన్న ఆయుష్షు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ ఉండేది వెలుగు సగానికి పడిపోయే కాలం. దాన్ని 20,000 గంటలనుకుందాం. నిలకడగా వెలిగితే రెండేళ్లకు పైమాటే. కానీ నీడ కనబడటానికి సగం పడిపోనక్కర్లేదు, 5 శాతం తేడా చాలు. వెలుగు ఎక్స్‌పొనెన్షియల్‌గా, అంటే ప్రతి గంటా ఉన్నదాంట్లో ఒకే శాతం చొప్పున తగ్గుతుందని లెక్కిస్తే, 5 శాతం తగ్గడానికి పట్టేది 20,000 × 0.051 ÷ 0.693, అంటే దాదాపు 1,480 గంటలు. రాత్రీ పగలూ వెలిగితే 62 రోజులు! నిజమైన తెరల్లో మొదట్లో తగ్గుదల ఇంకా వేగంగా ఉంటుంది, వేడి దాన్ని మరింత పెంచుతుంది.

ఈ లెక్కలోనే మందు కూడా ఉంది. వెలుగు సగం చేస్తే ఆయుష్షు రెట్టింపు కాదు, అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. వెలుగు తగ్గిన రెట్లకు (ఇక్కడ 2కి) ఘాతాంకం 1.5 అనుకుంటే 2.8 రెట్లు, అంటే ఆ 62 రోజులు 174 అవుతాయి. వాడనప్పుడు ఆర్పేసి పదో వంతు సమయమే వెలిగిస్తే 62 రోజులు 620 అవుతాయి. అయితే ఆరిపోయిన మీటను నొక్కితే మొదటి నొక్కు తెరను లేపడానికే పనికిరావాలి, యంత్రాన్ని నడపకూడదు. బొమ్మను ఒక చుక్క పక్కకు జరిపితే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. గీత మందం నాలుగు చుక్కలుంటే ఒక చుక్క జరపడం వల్ల అంచులే మారతాయి, నడుమ చుక్కలు ఎప్పటిలాగే వెలుగుతుంటాయి. జరిపేది గీత మందమంతైనా ఉండాలి. అంతకంటే మేలైనది నలుపు మీద తెలుపు, తెలుపు మీద నలుపు సమానకాలం మార్చి మార్చి చూపడం. అప్పుడు ప్రతి చుక్కా సగం సమయమే వెలుగుతుంది, అరుగుదల సమమవుతుంది.

ఎల్‌సీడీలో ఈ బాధ దాదాపు లేదు. చుక్క వెలగదు, వెనక దీపాన్ని అడ్డుకుంటుంది, అంతే. వెనక ఎల్‌ఈడీ మసకబారినా తెరంతా కలిసి మసకబారుతుంది. రోజంతా అవే పేర్లు చూపే మిల్లు ప్యానెల్‌కు ఎల్‌సీడీయే కొనాలి. బొమ్మలు నిమిషానికోసారి మారే స్టూడియోలకు, సభామందిరాలకు ఓఎల్‌ఈడీ బాగుంటుంది.

ఎల్‌సీడీ శత్రువు మన ఎండ. మే నెలలో రామగుండం వైపు నీడలోనే 45 డిగ్రీలు చూస్తాం. ఎండ పడే ఇనుప డబ్బాలో అంతకంటే ఎక్కువే. వేడెక్కేకొద్దీ ద్రవస్ఫటికాన్ని తిప్పడానికి కావలసిన వోల్టేజి తగ్గుతుంది, దాంతో తేటగా ఉండాల్సిన చుక్కలు కూడా సగం నల్లబడతాయి. ఒక 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్ (వేడిని పసిగట్టే భాగం) పెట్టి, వేడిని బట్టి కాంట్రాస్ట్ తగ్గించే నాలుగు వరుసల ప్రోగ్రాం రాస్తే చాలు. మరీ వేడెక్కితే బొమ్మే మాయమవుతుంది, చల్లారాక తిరిగొస్తుంది. డేటాషీట్‌లో పనిచేసే ఉష్ణోగ్రత, నిల్వ ఉష్ణోగ్రత వేర్వేరుగా ఉంటాయి. మిల్లు ఆగే వేసవికి రెండోది చూడాలి.

ఇక తెలుగు అక్షరాలు. 36 × 24 చుక్కల తెర ఇంగ్లిష్‌కు చాలు, మనకు చాలదు. ‘స్క్రూ’లో క వత్తు, ర వత్తు, దీర్ఘం అన్నీ విడివిడిగా కనబడాలంటే కనీసం 20 చుక్కల ఎత్తు కావాలి, అంటే ఒకే వరుస, రెండు మూడు అక్షరాలు. 64 × 32 తీసుకోండి. మైక్రోకంట్రోలర్ (మీటలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్) ఫాంట్ లైబ్రరీలు సాధారణంగా వత్తులను కలపవు, అక్షరాలను విడగొట్టి పక్కపక్కన పేరుస్తాయి. మాటను కంప్యూటర్‌లో రాసి, నలుపు తెలుపు బొమ్మగా మార్చి ఫ్లాష్ మెమరీలో పెట్టాలి. 64 × 32 బొమ్మకు 256 బైట్లే. అదే 52 × 36 చుక్కల రంగుల ఓఎల్‌ఈడీకి, చుక్కకు 16 బిట్ల చొప్పున, 3,744 బైట్లు. ఆర్డ్వినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో ర్యామ్ 2 కేబీ, ఒక్క బొమ్మ కూడా పట్టదు.

తెరకు డేటా మోసే ఎస్‌పీఐ తీగ మీద 4 మెగాహెర్ట్జ్ వేగంతో ఆ రంగుల బొమ్మ పంపడానికి 7.5 మిల్లీసెకన్లు, పన్నెండింటికి 90. ఆ 90లో మీటల్ని చూడకపోతే నొక్కులు తప్పిపోతాయి. కాలేజీ ల్యాబుల్లో బౌన్స్ (నొక్కినప్పుడు కాంటాక్టు క్షణంపాటు ఎగిరెగిరి తగలడం) అంటే 20 మిల్లీసెకన్ల డిలే పెట్టమని నేర్పి ఊరుకుంటారు. టైమర్ ఇంటరప్ట్‌తో, అంటే చిప్ ఏ పనిలో ఉన్నా నిర్ణీత వ్యవధికోసారి ఆపి, మీటల్ని చదవడం నేర్పాలి. పన్నెండు మీటల్లో ఒకదాన్ని ఎంచడానికి రెండు 74హెచ్‌సీ138 చిప్‌లు వాడండి. వాటి అవుట్‌పుట్‌లలో ఎంచుకున్నది ఒక్కటే సున్నాకు దిగుతుంది, సాధారణంగా తెరల సెలెక్ట్ తీగకు కావలసింది అదే. ఊనో 5 వోల్టుల సిగ్నల్‌ను 3.3 వోల్టుల తెరకు నేరుగా ఇస్తే తెర కాలిపోవచ్చు, వోల్టేజిని దించే లెవెల్ షిఫ్టర్ తప్పనిసరి.

బొమ్మ మారిన మరుక్షణం నొక్కు పడితే ఏం చేయాలి? అప్పటికే వేలు పాత పేరు చూసి బయల్దేరింది. మనిషి స్పందనకు 200 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది కాబట్టి పేరు మారాక 300 మిల్లీసెకన్ల దాకా ఆ మీటను పట్టించుకోవద్దు.

ఈ మీటల కాంటాక్టులు చాలా రకాల్లో చిన్న కరెంటుకు చేసినవి. కాంటాక్టర్ (మోటారును ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్) కాయిల్‌కు నేరుగా కలపొద్దు. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) 24 వోల్టుల ఇన్‌పుట్‌కు కూడా డేటాషీట్ చూశాకే కలపాలి, లేదంటే ఆప్టోకప్లర్ (వెలుగుతో సిగ్నల్ దాటించి రెండు సర్క్యూట్లను వేరుగా ఉంచే భాగం) మధ్యలో పెట్టాలి. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం ఎప్పటికీ ఎర్ర పుట్టగొడుగు బటనే. తెరతో, ప్రోగ్రాంతో సంబంధం లేకుండా నేరుగా వైరు లాగి ఉండాలి.

దూది పీచు మీట చుట్టూ ఉన్న సందులోకి దూరితే నొక్కిన మీట తిరిగి పైకి లేవదు. పైన సిలికోన్ తొడుగు వేయించండి. దసరా ఆయుధపూజకు పసుపు, కుంకుమ బొట్లు ప్యానెల్ తలుపు మీద పెట్టండి, మీటల మీద కాదు. పొడి ఆ సందులోకే రాలుతుంది.