ఎదకూ ఎదకూ నడుమ

పరకాల దగ్గర నాలుగు గేదెలను పెంచుకుంటున్న మిత్రుడొకరు కొట్టం గోడకు వేలాడుతున్న క్యాలెండర్‌ను చూపించి నన్నొక ప్రశ్న అడిగారు. ఎదసూది, అంటే కృత్రిమ గర్భధారణ, చేయించిన తేదీ మీద బొగ్గుతో చుట్టిన సున్నా, అక్కడి నుంచి 21వ రోజు మీద మరొక సున్నా ఉన్నాయి. “సారూ, నేనంటే గోడ మీద గీసుకుంటున్న. బర్రె లోపల ఈ 21 రోజులు లెక్కపెట్టేది ఎవరు?”

ఎద, అంటే పశువు పోతును కోరే దశ, ఒక రోజుకు అటూ ఇటూగా ముగిసిపోతుంది. దానికి ఊరందరికీ తెలిసిన మాట ఉంది. ఎదకూ ఎదకూ నడుమ సాగే నిశ్శబ్ద కాలానికి మాత్రం లేదు. 1900లో వాల్టర్ హీప్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త క్షీరదాల పునరుత్పత్తి చక్రంలోని దశలకు పేర్లు పెడుతూ, ఎదను గ్రీకులో జోరీగ అనే అర్థమున్న మాటతో ఈస్ట్రస్ అనీ, ఈ నడిమి కాలాన్ని డైఈస్ట్రస్ అనీ పిలిచాడు. జోరీగ కుట్టిన పశువులా నిలకడ తప్పుతుందని ఆ మాటలోని భావం. అరవకుండా, ఎగరకుండా మూగ ఎదతో సరిపెట్టే మన గేదెను చూసి ఉంటే ఆయన వేరే పేరు వెతుక్కునేవాడేమో. ఇక ‘డై’ అంటే రెండు అనుకొని ‘రెండో ఎద’ అని రాసే విద్యార్థులకు కొదవ లేదు. అది సంఖ్య కాదు, ‘నడుమ’ అనే అర్థమిచ్చే గ్రీకు ఉపసర్గ. దశల పేర్లను వరుసగా వల్లె వేయించి వదిలేసే చదువులో ఇంతకంటే ఆశించలేము.

అండం విడుదలైన చోట అండాశయం మీద మిగిలిన గాయమే కొద్ది రోజుల్లో కార్పస్ లూటియం అనే గ్రంథిగా మారి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను స్రవిస్తుంది. అది బతికి ఉన్నంత కాలం తర్వాతి ఎద రాదు. లూటియం అంటే పసుపుపచ్చనిది. ఆవులో అది నిజంగానే పసుపుగా ఉంటుంది, గేదెలో మాత్రం బూడిద కలిసిన గులాబీ రంగులో ఉంటుంది. ఆవు నెయ్యి పచ్చగానూ గేదె నెయ్యి తెల్లగానూ ఉండడానికి ఏ కెరోటిన్ కారణమో, ఈ తేడాకూ అదే కారణం.

కాబట్టి అసలు ప్రశ్న ఈ గ్రంథిని 17వ రోజు ప్రాంతంలో చంపేది ఎవరన్నది. జవాబు, గర్భాశయం. 1923లో లియో లోబ్ గినీ పందుల గర్భాశయాన్ని తొలగించి చూస్తే, అండాశయాల జోలికి పోకపోయినా, కార్పస్ లూటియం గడువు దాటి బతికింది. ఆవులోనూ గొర్రెలోనూ అంతే. గర్భాశయం పంపే ఆ మరణశాసనం పేరు ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2 ఆల్ఫా. అయితే ఇక్కడొక చిక్కుంది. గర్భాశయం నుంచి సిరలో బయలుదేరిన రక్తం గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్తుంది. ఊపిరితిత్తులేమో ఈ పదార్థంలో అధిక భాగాన్ని ఒక్క చుట్టులోనే నిర్వీర్యం చేస్తాయి. మరి పక్కనే ఉన్న అండాశయానికి అది చేరేదెలా?

గొలుసుకట్టు చెరువుల కింద సేద్యం చేసిన వరంగల్ రైతుకు దీన్ని చెప్పడం సులువు. మత్తడి దూకిన నీరు వాగులో పడి, ఊళ్లన్నీ తిరిగి దిగువకు చేరేలోపు దారిలోనే ఇంకిపోవచ్చు. కానీ ఒకే గట్టుకు ఇటు నిండుగా పారే కాలువ, అటు చిన్న కాలువ ఉన్నచోట, తూము లేకపోయినా పలుచని గట్టులోంచి ఊట దిగుతుంది. నెమరువేసే ఈ పశువుల్లో అండాశయానికి రక్తం తీసుకెళ్లే ధమని, గర్భాశయం నుంచి వచ్చే సిర గోడను అంటిపెట్టుకొని, పందిరికి అల్లుకున్న కాకర తీగలా మెలికలు తిరిగి ఉంటుంది. మెలికలు పెరిగితే తాకే పొడవు పెరుగుతుంది. గట్టు ఎంత పొడవైతే ఊట అంత ఎక్కువ. సిరలో చిక్కగా ఉన్న ప్రోస్టాగ్లాండిన్ ఆ గోడల గుండా ఎదురు దిశలో పారే ధమనిలోకి ఊరి, ఊపిరితిత్తుల దాకా పోకుండానే అండాశయం చేరుతుంది. అందుకే గ్రంథి కుడి అండాశయంలో ఉన్నప్పుడు గర్భాశయపు కుడి కొమ్మును, అంటే ఆ వైపుకు చీలిన గొట్టాన్ని, తొలగిస్తేనే అది గడువు దాటి బతుకుతుంది. ఎడమ కొమ్మును తొలగిస్తే బతకదు. పోలిక ఒక్కచోట తప్పుతుంది: కాలువ ఊట ఆగకుండా సాగుతుంది, ఇది కొన్ని గంటలకొకసారి దఫదఫాలుగా వస్తుంది. పైగా ప్రతి దఫాకూ కార్పస్ లూటియం ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను వదిలి గర్భాశయాన్ని మరింత రెచ్చగొడుతుంది, అంటే తన గోతిని తానే తవ్వుకుంటుంది.

చూడి నిలవాలంటే ఈ ఊట ఆగాలి. ఆవు పిండం ఆ సరికి జానెడు దారంలా సాగి, ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. అది గర్భాశయపు లోపలి పొరలో ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకాలను అణచివేస్తుంది. దఫాలు ఆగుతాయి, గ్రంథి బతుకుతుంది.

అమావాస్యకో పున్నానికో బర్రె ఎదకు వస్తుందని నమ్మేవారు మా వైపు ఉన్నారు. చంద్రుడి చుట్టు 29.5 రోజులు, ఇది 21. ఈ అమావాస్యకు కలిసిన ఎద వచ్చే అమావాస్యకు 8.5 రోజుల ముందే జారిపోతుంది. ఎద రప్పించడానికి డాక్టర్లు వేసే ప్రోస్టాగ్లాండిన్ సూది గర్భాశయపు ఊటకు నకలే. ఎద తర్వాత మొదటి 5 రోజుల్లో వేస్తే లేత గ్రంథి దానికి లొంగదు. చూడి పశువుకు పొరపాటున వేస్తే గర్భం పోతుంది.

“21 దాటింది, ఎదకు రాలేదు. దారం పడ్డట్టేనా, చూడి నిలిచినట్టేనా?” అన్నారు మిత్రుడు. పడి ఉండవచ్చు, మూగ ఎద రాత్రిపూట వచ్చి పోయి ఉండవచ్చు, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. 21వ రోజు పాలలో ప్రొజెస్టిరాన్ బాగా తగ్గి ఉంటే చూడి లేదన్నది ఖాయం, హెచ్చుగా ఉన్నంత మాత్రాన ఉందన్నది ఖాయం కాదు. ఆయన బొగ్గు ముక్క తీసుకొని 42వ రోజు మీద ఇంకో సున్నా చుట్టారు.