చెవిలోంచి జారిపోయే బేస్

నరసన్నపేట నుంచి రోజూ బస్సులో శ్రీకాకుళం వచ్చి చదువుకునే ఒక డిగ్రీ కుర్రాడి ప్రశ్న ఇది: "మా అన్నయ్య పెట్టుకుంటే గుండె అదిరేలా బేస్ వస్తోందంటాడు. నేను పెట్టుకుంటే పేలవంగా వినబడుతోంది. అవే ఇయర్‌ఫోన్లు, అదే ఫోను, అదే పాట. షాపులో డూప్లికేట్ పీస్ అంటగట్టారా?"

డూప్లికేట్ కాదు బాబూ. పీసులో లోపం ఉంటే అన్నయ్యకూ బేస్ రాదు. తేడా అంతా నీ చెవికీ ఆ రబ్బరు బుడిపెకీ మధ్య ఉన్న సందులో ఉంది. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

బేస్ అంటే డ్రమ్ము దెబ్బలాంటి మంద్ర శబ్దం. సెకనుకు 50 సార్లు ఊగే, అంటే 50 హెర్ట్‌జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. చెవి కాలువ పొడవు రెండున్నర సెంటీమీటర్లు. అంత పొడుగు తరంగం ఇందులో ఎలా పడుతుంది? పట్టనక్కర్లేదు. చుట్టూ మూసుకున్న చిన్న చోటులో ఇయర్‌ఫోన్‌లోని పల్చటి పొర, అంటే డయాఫ్రం, ముందుకు వస్తే గాలి నొక్కుకుంటుంది, వెనక్కి పోతే వదులవుతుంది. ఆ ఒత్తిడి మార్పే కర్ణభేరిని ఊపుతుంది. క్లాసులో బాయిల్ నియమం (గాలిని నొక్కి చోటు తగ్గిస్తే ఒత్తిడి పెరుగుతుందనేది) చెప్పేటప్పుడు పాదరసం గొట్టం బొమ్మ గీయించి వదిలేస్తాం గానీ, అలాంటి పనే పిల్లల చెవుల్లోనూ జరుగుతోందని ఒక్క మాట చెబితే జన్మలో మరిచిపోరు.

లెక్క చూడండి. లోపల చిక్కుకున్న గాలి 2 ఘన సెంటీమీటర్లు అనుకుందాం. 94 డెసిబెల్స్ మోత అంటే 1 పాస్కల్ ఒత్తిడి మార్పు. వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్స్. శబ్దం విషయంలో నొక్కుకుని వేడెక్కిన గాలికి చల్లారే వ్యవధి ఉండదు కాబట్టి ఆ పీడనాన్ని 1.4తో గుణించాలి. ఆ ప్రకారం గాలి ఘనపరిమాణం లక్షా నలభై వేలలో ఒక వంతు మారితే చాలు. 10 మిల్లీమీటర్ల డయాఫ్రం అందుకోసం కదలాల్సింది మైక్రాన్‌లో అయిదో వంతు! గదిలో పెట్టిన పెద్ద బాక్సు కోను కంటికి కనిపించేంతగా ఊగితే గానీ రాని బేస్, ఇక్కడ ఇంత చిన్న కదలికతో వస్తోంది. చోటు మూసుకుని ఉండబట్టే ఇది సాధ్యం.

మరి సందు ఉంటే? వాషరు అరిగిన సైకిల్ పంపు తీసుకోండి. పిడిని మెల్లగా నొక్కితే గాలి వాషరు పక్కనుంచి తుస్సుమని జారిపోతుంది, ట్యూబు లేవదు. అదే పంపుని దబదబా కొడితే జారిపోయే వ్యవధి లేక కొంత గాలి ఎక్కుతుంది. 50 హెర్ట్‌జ్ దగ్గర డయాఫ్రం ఒకవైపు ప్రయాణానికి సెకనులో వందో వంతు పడుతుంది. అది మెల్లగా నొక్కడం. 3,000 హెర్ట్‌జ్ దగ్గర సెకనులో ఆరు వేలో వంతు. అది దబదబా కొట్టడం. అందుకే సందున్న చెవిలో గొంతు, తాళం బాగానే వినిపిస్తాయి, డ్రమ్ము దెబ్బ మాత్రం మాయమవుతుంది. పంపు గొట్టం గుండ్రంగా ఉంటుంది. చెవి కాలువ కోలగా, వంకరగా ఉంటుంది. పైగా నమిలినా మాట్లాడినా దవడ కదిలి దాని ఆకారం మారుతుంది. కుడి చెవికీ ఎడమ చెవికీ కూడా వేర్వేరు సైజు వాషర్లు కావలసి రావచ్చు.

కాబట్టి డబ్బాలో వచ్చిన మూడు సైజుల బుడిపెలూ పారేయొద్దు. ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి కుడి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, బుడిపెను మెల్లగా తిప్పుతూ లోపలికి పెట్టండి. ఇప్పుడు నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అనండి. మీ గొంతు మీ తలలోనే గుమ్మని మోగితే సందు మూసుకున్నట్టే. ఒక చెవిలో మోగి రెండో చెవిలో మోగకపోతే ఆ రెండో వైపు సైజు మార్చండి. సిలికాన్ దేనితోనూ కుదరకపోతే ఫోమ్‌వి కొనండి. వాటిని వేళ్లతో నలిపి పెడితే లోపల మెల్లగా ఉబ్బి కాలువ ఆకారం పట్టుకుంటాయి.

మన వైపు చెవిలో నూనె పోసుకునే అలవాటు ఇంకా ఉంది. అది చెవికీ మంచిది కాదు, బుడిపె కూడా జారిపోతుంది, ఇయర్‌ఫోన్ మూతి మీది జాలీ మూసుకుపోతుంది. గులిమి పట్టిన జాలీని పొడి మెత్తని బ్రష్‌తో తుడవండి, పిన్నుతో పొడవొద్దు. ఇయర్‌ఫోన్ ఒంటి మీద కనిపించే సన్నటి రంధ్రం కూడా గాలి కోసం కావాలనే పెట్టింది. దానికి టేపు అంటించకండి.

కొత్తవి వంద గంటలు మోగిస్తే గానీ బేస్ విచ్చుకోదని ఒక నమ్మకం ఉంది. ఆ వంద గంటల్లో ఎక్కువగా మారేది మన చెవి అలవాటూ, సరిగ్గా పెట్టుకునే నేర్పూ.

కొనేటప్పుడు "ఎక్స్‌ట్రా బేస్" అన్న అక్షరాలనీ, డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే భాగం) ఎన్ని మిల్లీమీటర్లన్న అంకెనీ నమ్మి డబ్బు పెట్టకండి. ఆ మోడల్ ఏ శబ్దాన్ని ఎంత బిగ్గరగా ఇస్తుందో చూపే ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ దొరికితే చూడండి. గీత ఎడమవైపు, అంటే బేస్ ఉండే వైపు, లేచి 200 హెర్ట్‌జ్ చుట్టుపక్కలకల్లా దిగిపోవాలి. ఆ ఉబ్బు 300, 400 దాకా సాగితే డ్రమ్ము గాయకుడి గొంతుని కప్పేస్తుంది, పాటంతా బురదగా ఉంటుంది. ఫోనులో శబ్దాల పాళ్లు మార్చే ఈక్వలైజర్‌లో బేస్ పెంచితే, పెంచినన్ని డెసిబెల్స్ మొత్తం స్థాయి తగ్గించాలి. లేకపోతే శబ్దం పగులుతుంది.

ఇక బస్సు సంగతి. ఇంజిను రొద ఉండేది సరిగ్గా బేస్ ఉండే చోటే, అందుకే అది ముందు బేస్‌నే మింగుతుంది. పైగా తక్కువ స్థాయిలో మన చెవికి బేస్ అంతగా ఆనదు. 1,000 హెర్ట్‌జ్ శబ్దం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత బిగ్గరగా వినిపిస్తుందో, 50 హెర్ట్‌జ్ శబ్దం అంత బిగ్గరగా అనిపించాలంటే దాదాపు 78 డెసిబెల్స్ కావాలి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ తేడాని గీతలుగా గీసి చూపించారు. వాల్యూమ్ పెంచగానే బేస్ ఊడిపడ్డట్టు అనిపించేది ఇందుకే, చెవులు పాడయ్యేదీ ఇక్కడే. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. సందు సరిగ్గా మూస్తే రొద తగ్గుతుంది, బేస్ నిలుస్తుంది, వాల్యూమ్ పెంచే పనే ఉండదు.

ఒక్కటి మాత్రం ఏ ఇయర్‌ఫోనూ ఇవ్వలేదు. గుండెల మీద కట్టుకుని వాయించే తప్పెటగుళ్ల దగ్గర నిలబడితే ఆ దెబ్బ మన ఛాతీకీ తగులుతుంది. చెవిలోని 2 ఘన సెంటీమీటర్ల గాలి కర్ణభేరిని ఊపగలదు గానీ ఒంటిని ఊపలేదు. ఆ అదురు కోసం వాల్యూమ్ పెంచకు బాబూ, ముందు ఒక సైజు పెద్ద బుడిపె పెట్టి చూడు.