కంపెనీ అప్పు ఎవరి చేత ఏం చేయిస్తుంది? అపోహలు - వాస్తవాలు

బ్యాంకులో కార్పొరేట్ రుణాల ఫైళ్లు చూడటం నా పని. ఒక కంపెనీకి అప్పు ఎంత ఉందో అందరూ అడుగుతారు. ఆ అప్పు వల్ల ఎవరికి ఏం చేయాలనిపిస్తుందో అడిగేవాళ్లు తక్కువ. నాకు తరచూ వినిపించే కొన్ని మాటలు ఇవి.

అపోహ: కంపెనీ బాగుంటేనే ప్రమోటర్‌కీ (కంపెనీని పెట్టి నడిపించే యజమానికి), బ్యాంకుకీ మంచిది. కాబట్టి ఇద్దరూ కోరుకునేది ఒకటే.

వాస్తవం: లాభాలు వస్తున్నంత కాలం ఇది దాదాపు నిజమే. నష్టాల్లోకి జారాక దారులు వేరవుతాయి. ఒక లెక్క చూడండి. అప్పు 100 కోట్లు, మిగిలిన ఆస్తి 80 కోట్లు. ఇప్పుడే అమ్మేస్తే మొత్తం బ్యాంకుకే పోతుంది, ప్రమోటర్‌కి సున్నా. ఆ 80 కోట్లను రిస్కున్న ప్రాజెక్టులో పెడితే 140 కోట్లు కావచ్చు, 10 కోట్లే మిగలొచ్చు, రెండింటికీ సగం సగం అవకాశం. సగటున 75 కోట్లు, అంటే నష్టపు బేరం. అయినా ప్రమోటర్‌కి అదే ముద్దు. గెలిస్తే అప్పు తీర్చగా 40 కోట్లు తనవి. ఓడితే పోయేది ఎలాగూ తనది కాదు. బ్యాంకుకి రావాల్సింది మాత్రం సగటున 80 నుంచి 55 కోట్లకు పడిపోతుంది.

ఇక్కడ ఎవరూ దొంగలెక్కలు రాయలేదు. నిజాయతీపరుడైన ప్రమోటర్ కూడా ఆ స్థితిలో ‘ఒక్క ఛాన్స్ ఇవ్వండి సార్’ అనే అంటాడు. అందుకే మా అనుమతి లేకుండా కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టొద్దు, డివిడెండ్ ఇవ్వొద్దు, ప్రమోటర్ బంధువుల దగ్గర తెచ్చిన అప్పులు మాకంటే ముందు తీర్చొద్దు అని మంజూరు పత్రంలోనే రాసుకుంటాం. అప్పు తీసుకునే పార్టీలు దాన్ని మా చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి.

అపోహ: అప్పు ఉంటే యాజమాన్యం ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తుంది.

వాస్తవం: సగం నిజం. వాయిదా తేదీ భయం దుబారాను ఆపుతుంది. కానీ అప్పు ఆస్తిని మించిపోతే మంచి ఖర్చూ ఆగిపోతుంది. 5 కోట్లతో బాయిలర్ మారిస్తే 8 కోట్లు మిగులుతాయని తెలిసినా ఆ మిగులు బ్యాంకు పద్దుకే పోతుందంటే ప్రమోటర్ జేబులోంచి రూపాయి తీయడు.

అపోహ: ప్రమోటర్ తన షేర్లనే తాకట్టు పెట్టాడంటే కంపెనీ మీద అంత నమ్మకం ఉన్నట్టు.

వాస్తవం: షేరు ధర పడితే అప్పిచ్చినవాళ్లు అదనపు హామీ అడుగుతారు, ఇవ్వలేకపోతే షేర్లు అమ్మేస్తారు. అలా అమ్మితే ధర ఇంకా పడుతుంది. దాంతో ప్రమోటర్ కన్ను వ్యాపారం మీద కంటే రోజువారీ ధర మీదే ఉంటుంది. హైదరాబాద్ వాళ్లకు సత్యం సాఫ్ట్‌వేర్ కంపెనీ గుర్తుండే ఉంటుంది. 2008 డిసెంబర్‌లో ప్రమోటర్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు బెడిసికొట్టి షేరు కూలింది, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను అప్పిచ్చినవాళ్లు అమ్ముకున్నారు. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ప్రమోటర్ల తాకట్టు వివరాలు వెల్లడించాల్సిందేనని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ నెలలోనే నిర్ణయించింది. ఇప్పుడు ఆ వివరం స్టాక్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. షేరు కొనేముందు చూడండి.

అపోహ: ట్రిపుల్ ఏ (అప్పు తీరుస్తుందన్న నమ్మకానికి ఇచ్చే అత్యున్నత) రేటింగ్ ఉంటే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: ఆ రేటింగ్‌కి ఫీజు కట్టేది సాధారణంగా అప్పు తీసుకునే కంపెనీయే, కాబట్టి రేటింగ్ ఇచ్చేవాళ్లకు కఠినంగా ఉండాలనిపించకపోవచ్చు. 2018లో మౌలిక వసతుల ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ వాయిదాలు ఎగ్గొట్టడానికి కొద్ది వారాల ముందు వరకూ దానికి అత్యున్నత రేటింగే ఉంది.

అపోహ: బ్యాంకుకి ఎంతసేపూ వసూలు గోలే.

వాస్తవం: మా వాళ్లకు నచ్చకపోయినా చెప్తాను. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బకాయి) అవుతుంది, రాబోయే నష్టం కోసం బ్యాంకు తన లాభాల్లోంచి కేటాయింపులు చేయాలి. అది తప్పించుకోవడానికి కొత్త అప్పిచ్చి పాత వడ్డీ కట్టించుకున్న ఖాతాలు ఎన్నో. 2015లో రిజర్వ్ బ్యాంక్ గట్టిగా తనిఖీలు మొదలుపెట్టాకే చాలావాటి అసలు రంగు బయటపడింది.

దివాలా దాకా వెళ్లాక బ్యాంకులూ ఒక్క మాట మీద ఉండవు. గట్టి తాకట్టు ఉన్న బ్యాంకు ‘అమ్మేద్దాం’ అంటుంది, లేనిది ‘ఇంకొన్నాళ్లు నడిపిద్దాం’ అంటుంది. కంపెనీని గట్టెక్కించే పరిష్కార ప్రణాళిక నెగ్గాలంటే రుణదాతల కమిటీలో 66 శాతం ఓట్లు కావాలి. సరుకు అరువిచ్చిన సప్లయర్లకు మామూలుగా అక్కడ ఓటు లేదు. వాళ్లందరి బకాయిలూ కలిపి అప్పులో పది శాతం ఉంటే వాళ్ల ప్రతినిధి సమావేశంలో కూర్చోవచ్చు, అంతే.